ఎడమ అంచు

నన్ను కాపురానికి తెచ్చుకున్నది నూలు కండెలు చుట్టడానికి. తప్పులు పట్టడం మాత్రం నా అంతట నేను నేర్చుకున్న పని. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, నేను మగ్గం పక్కనే రాట్నం వేసుకుని కూర్చునేదాన్ని. కళ్ళు ఊరుకుంటాయా? చీర మీదకే పోయేవి. అదుగో అక్కడ పేక వదులైంది, ఇదుగో ఇక్కడ అంచు లోపలికి లాక్కుపోయింది, ధ్యాస ఎక్కడ పెట్టి నేస్తున్నారు, అని పొద్దస్తమానం అంటూనే ఉండేదాన్ని. కొత్తలో ఆయనకి కోపం వచ్చేది. పోనుపోను నేను ఏమీ అనకపోతే కోపం వచ్చేది. ఇవాళ నోరు పడిపోయిందా అని ఆయనే అడిగేవాడు.

బందరు వైపు మా ఊళ్ళో అన్నీ నేత ఇళ్ళే. ఒక్కో ఇంటికి ఒక్కో పట్టింపు. మా ఇంటి పట్టింపు ఏమిటంటే, మగ్గం మీద ఉన్న గుడ్డని బాగుంది అనకూడదు. కోసి, మడతపెట్టి, నూలు ఇచ్చిన షావుకారు చేతిలో పెట్టాక ఎవరేమన్నా అనుకోవచ్చు. మగ్గం మీద ఉండగా అన్నారా, దిష్టి తగిలి పోగులు తెగుతాయి. తెలియనివాళ్ళు ఎవరన్నా వచ్చి నోరు జారితే మా అత్తగారు పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చి మగ్గానికి దిగదుడిచేది. కాబట్టి మెచ్చుకోవడాలు మాకు అలవాటు లేదు. నేను ఏమీ అనకుండా కండె అందిస్తే ఆ జానెడూ బాగా వచ్చిందని ఆయనకి లెక్క.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అత్తగారు రోజూ నాకు వినిపించేది. పిల్లలు పుట్టకపోవడానికి కూడా నా నోరే కారణమని ఆవిడ వాదన. నోటితో కనరు కదా అత్తయ్యా అని ఒకసారి అన్నాను. అంతే, రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు. ఆయన మాత్రం ఆ మాటకి నవ్వాడు. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పేది ఇదొక్కతేనమ్మా, దాన్నలా వదిలెయ్యి, అన్నాడు. నా కాపురం మొత్తానికి నాకు దొరికిన బిరుదు అదే. దాన్ని చాలా గొప్పగా దాచుకున్నాను.

తొంభైల చివర్లో ఒక వేసవి. ఎడమ అంచు పాడవడం మొదలైంది. కుడి అంచు చూస్తే గీత గీసినట్టు ఉండేది. ఎడమ అంచులో పోగులు తెగితే తెగినట్టే వదిలేసేవాడు, పేక ఉంగరాలు తిరిగి బయటికి వేలాడేది. తిట్టాను. ఎక్కడ, అనేవాడు. వేలు పెట్టి చూపిస్తే, అవును సుమా, అని సర్దేవాడు. మళ్ళీ బెత్తెడు నేయకముందే అదే తప్పు.

అందరం మగ్గాన్ని అనుమానించాం. వడ్రంగిని పిలిచి, అడ్డంగా పేక పోగుని మోసే నాడె ఎడమ పక్క వచ్చి ఆగే పెట్టె మార్పించాం. నాడె మార్చాం. నేల కుంగిందేమోనని గుంట పక్కన మట్టి పోసి దిమ్మిస కొట్టించాం. విజయవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టులో గుమాస్తాగా చేసే మా బావగారు, అంటే ఆయన అన్నగారు, ఒక ఆదివారం వచ్చి వెలుతురు చాలడం లేదని తేల్చి, ట్యూబ్‌లైటు ఎడమ గోడకి మార్పించి వెళ్ళాడు. అత్తగారు మగ్గానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. మగ్గం ముందు కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కరమూ చూడలేదు. నేత ఇళ్ళలో అంతే. గుడ్డ చెడిందంటే ముందు మగ్గాన్ని విప్పుతాం.

షావుకారు రెండు చీరలు తిప్పి పంపాడు. తాగి నేస్తున్నాడట అని వీధిలో గుసగుసలు. ఆయన కునుకు తీస్తుంటే మూతి దగ్గర మూతి పెట్టి వాసన చూశాను. బీడీ కంపు తప్ప ఇంకేం లేదు. తాగినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

చివరికి అన్నం దగ్గర బయటపడింది. ఒక మధ్యాహ్నం తింటూ తింటూ, కూర వెయ్యకుండా ఉత్త అన్నం పెడతావేమిటమ్మా, అని అత్తగారి మీద ఎగిరాడు. దోసకాయ కూర కంచంలోనే ఉంది, ఎడమ పక్కన. కుడి పక్కన అన్నం మాత్రం గీత గీసినట్టు సగం వరకూ ఖాళీ. కళ్ళు దొబ్బాయా అని నేను కంచం పట్టుకుని గిర్రున తిప్పాను. ఇందాక వెయ్యకుండా ఇప్పుడు వేశావేం, అని కలుపుకుని తినేశాడు. అత్తగారు కిసుక్కున నవ్వింది. నాకు మాత్రం ఎడమ అంచు గుర్తొచ్చింది. తిని లేచి వెళ్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుని, గుమ్మాన్ని తిట్టాడు.

ఊళ్ళో ఆర్.ఎం.పి. బలానికి ఇంజెక్షన్లు పొడిచాడు. అవి అయ్యాక నేనూ అత్తగారూ ఆయన్ని బస్సెక్కించి విజయవాడ తీసుకెళ్ళాం. బావగారు తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్ద డాక్టరు దగ్గర చూపించాడు. స్కాన్ తీశారు. ఫిల్ము వెలుతురు పెట్టెకి తగిలించి, పేషెంటుని కాసేపు బయట కూర్చోబెట్టండి అన్నాడు డాక్టరు. తల ఆయనది, కబురు మాకు. అదేం న్యాయమో. మన దగ్గర ఎక్కడ చూసినా ఇదే తంతు.

మెదడులో కుడి పక్కన గడ్డ ఉందట. అందుకని ఎడమ పక్క అనేది ఆయనకి లేకుండా పోయిందట. కళ్ళు బాగానే ఉన్నాయి, అటు చూడాలన్న ధ్యాసే పుట్టదు, అని చెప్పాడు. ఆపరేషన్ చేసి తీసినంత తీస్తాం, రేడియేషన్ కరెంటు పెడతాం, అయినా మళ్ళీ వస్తుంది, ఏడాది గడిస్తే ఎక్కువ. ఎంత నెమ్మదిగా చెప్పాడంటే, అయిపోయిందని తెలియక మేము ఇంకా ఏదో చెబుతాడని చూస్తూ కూర్చున్నాం.

బయటి వరండాలో బావగారు తీర్మానం చేశాడు. తమ్ముడికి తెలియకూడదు, తెలిస్తే ఆ దిగులుకే పోతాడు. అత్తగారు నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నీ కాళ్ళకి కాదు, నీ నోటికి దణ్ణం పెడతానే తల్లీ. వాడి ముందు మాత్రం తెరవకు."

ఒట్టు వేశాను. ఆవిడ మీద జాలితో కాదు. అంతమంది మధ్యలో కాదనే ధైర్యం లేక వేశాను.

ఆయన బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. మేము ఎడమ పక్క నుంచి నడుచుకుంటూ వచ్చాం. పక్కకి వచ్చి నిలబడినా మేమున్నట్టు తెలియలేదు. చుట్టు తిరిగి ఎదురుగా వస్తే అప్పుడు తలెత్తాడు. తల్లిని చూడలేదు, అన్నని చూడలేదు. నన్ను చూసి, ఏమన్నాడు, అని అడిగాడు. నెత్తురు గడ్డకట్టిందట, తీసేస్తే సర్దుకుంటుందట, అన్నాను. నువ్వు చెబుతున్నావు కదా, అని లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు బెంచీ కిందే ఉండిపోతే నేను వంగి తొడిగాను.

ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టించినన్నాళ్ళూ వన్ టౌన్‌లో బావగారి అద్దె గదిలో ఉన్నాం. కింద గోడౌను. పొద్దున్నే తోపుడుబళ్ళ వాళ్ళు అరుచుకోవడం మొదలుపెడితే ఆయన గుండు చేతుల్లో పట్టుకుని మూలిగేవాడు. అత్తగారు ఇంద్రకీలాద్రి మెట్లెక్కింది. గుణదల వెళ్ళి మేరీమాతకి కొవ్వొత్తులు వెలిగించింది. అడ్డమైన దేవుళ్ళందరికీ నిజం చెప్పుకుని ఏడ్చి వచ్చేది, కొడుక్కి మాత్రం నవ్వు మొహం పెట్టేది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. హనుమాన్ జంక్షన్ నుంచి ఆయన పెద్దమ్మ బత్తాయిలు పట్టుకుని వచ్చింది. మా తోడికోడలి తమ్ముడికీ తలలో ఇట్లాగే వచ్చింది నాయనా, రాజాలా ఉండేవాడు, ఆర్నెల్లు కూడా... అని మొదలుపెట్టి, అత్తగారు గిల్లితే, నీది అది కాదులే, అని బత్తాయి వలిచింది. ఆవిడ వెళ్ళేదాకా నేను పళ్ళు పటపట కొరుక్కుంటూనే ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. నేను గిన్నెలు కడగడానికి లేచాను.

ఇంటికి వచ్చాక మగ్గం మీద కూర్చుంటానన్నాడు. డాక్టరు వద్దనలేదు, ఆయనకి ఏది ఇష్టమైతే అది చెయ్యనివ్వమన్నాడు. ఆ మాటకి అర్థం మాకు తెలుసు, ఆయనకి తెలియదు. బావగారు షావుకారుతో మాట్లాడి మగ్గానికి కొత్త పడుగు నూలు వేయించాడు. ఎట్లా నేసినా నేను తీసుకుంటాలేవయ్యా అన్నాడు షావుకారు. బెత్తెడు వంకర ఉంటే చీర మొహాన కొట్టే మనిషి అంతటి దయ చూపించేసరికి నేను లేచి లోపలికి పోయాను. వీధిలోవాళ్ళు రోజుకొకరు వచ్చి రంగు తేలావంటారు, ఒళ్ళు చేశావంటారు. ఊరు ఊరంతా ఒక్క మనిషి చుట్టూ చేరి అబద్ధం ఆడుతుంటే, ఆయన మాత్రం గుంటలో కాళ్ళు పెట్టుకుని, తల మీద కుట్ల మచ్చతో, బుద్ధిగా నేస్తున్నాడు.

ఎడమ అంచు అసలు అంచే కాదు. పోగులు తెగి వెంట్రుకల్లా వేలాడేవి. నా వేళ్ళు తీట పెట్టేవి. నోటి దాకా వచ్చేది, మింగేదాన్ని. కండె అందించి తల దించుకునేదాన్ని. ఇదివరకటి లెక్కలో అయితే ఆయన బ్రహ్మాండంగా నేస్తున్నట్టు. అంచు చూడవే, అనేవాడు. చూశాలెండి, అనేదాన్ని. తిట్టవేం, అనేవాడు. ఓపిక లేదు, అనేదాన్ని. రోజులు అట్లా ఈడ్చాను. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఒక్కోసారి ఆయన మీదే మంట పుట్టేది. చచ్చేవాడికి చీర ఎందుకు, లేచి పడుకోవచ్చు కదా, నన్ను ఎందుకు ఇట్లా చంపుతాడు, అనిపించేది. అనిపించింది కాబట్టి చెబుతున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం నాడె ఆపి నా వైపు తిరిగాడు.

"ఎడమ అంచు ఎట్లా వచ్చింది? సరిగ్గా చూసి చెప్పు."

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. నేను లేచి, వంగి, వేలాడే పోగుల మీద వేలు రాసి చెప్పాను.

"బాగుంది."

ఎంత పనికిమాలిన నోరు! ఏమీ అనకపోయినా సరిపోయేది. ఓపిక లేదన్నా సరిపోయేది. మగ్గం మీద ఉన్న గుడ్డని, ఆ ఇంట్లో, నేను బాగుందన్నాను. అత్తగారు అలవాటుకొద్దీ ఉప్పు కోసం లోపలికి తిరగబోయి, ఎందుకు తిరుగుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది. ఆయన చాలాసేపు చీరని చూస్తూ కూర్చున్నాడు, ఆయనకి కనిపించే సగాన్ని.

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నా కళ్ళు అప్పుడే చారెడు చేశావన్నమాట," అన్నాడు.

నేను వేలాడే పోగులు సర్దబోయాను.

"ఎన్నాళ్ళన్నాడు?"

ఒట్టు గిట్టు ఏమీ గుర్తు రాలేదు. చెప్పేశాను. గడ్డ మళ్ళీ వస్తుందన్నారని, ఏడాది దాటదన్నారని, అందులో ఇప్పటికే సగం పోయిందని, ఎడమ అంచు కాదు, ఎడమ పక్క మొత్తం పాడని, షావుకారు ఈ చీర మసిగుడ్డకి కూడా వాడడని, అన్నీ చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయాను. అత్తగారు గుమ్మంలోనే కూలబడి నెత్తి కొట్టుకుంటోంది.

ఆయన అంతా విన్నాడు. తర్వాత చేతిలో ఉన్న నాడె నా మొహానికేసి విసిరాడు. దాని కొసన ఇనప ముల్లు ఉంటుంది. కనుబొమ్మ చీరి నెత్తురు కంట్లోకి కారింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"వాళ్ళు అబద్ధం చెబితే వాళ్ళ బుద్ధి అంతేలే అనుకున్నా. నువ్వు కూడానా?"

చావు కబురు చెప్పినందుకు కాదు ఆయన కోపం. నెలల తరబడి చెప్పనందుకు. అది నాకొక్కదానికే అర్థమైంది. మిగతావాళ్ళు మాత్రం నేను నిజం చెప్పి ఆయన గుండె పగలగొట్టానన్నారు. నా కొడుకు గుంటలోంచి లేచిన రోజే చచ్చాడు, దీని నోరే చంపింది, అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. బావగారు నా మొహం చూడటం మానేశాడు. అబద్ధం చెప్పించిందీ వాళ్ళే, నిజం చెప్పానని ఉమ్మిందీ వాళ్ళే. ఇప్పుడు అడిగినా నేను తప్పు చేశానని ఒప్పుకోను. వాళ్ళు ఏమన్నా నాకు లెక్క లేదు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు, నాకు ఉన్న బాధ అంతా అదే. మంచినీళ్ళు కావాలన్నా తల్లినే అడిగేవాడు.

సగం నేసిన చీర మగ్గం మీద అలాగే దుమ్ము పట్టింది. ఆయన మళ్ళీ గుంటలో దిగలేదు. సంక్రాంతి దాటేసరికి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మగ్గం పక్కనే మంచం వేశాం.

ఆ మంచానికి కుడి పక్క అత్తగారిది. ఆయనకి కనపడేది అటే కాబట్టి, స్టూలు వేసుకుని పొద్దంతా అక్కడే కూర్చునేది. నాకు ఎడమ పక్క మిగిలింది. పక్క మార్చడం, తుడవడం, పడిపోయిన చేతికి నూనె రాయడం, అన్నీ ఎడమ వైపు నుంచే చేసేదాన్ని. నిన్ను చూస్తే వాడికి ఆవేశం వస్తుంది, వాడి కంటబడకు, నోరు మెదపకు, అని అత్తగారి ఆజ్ఞ. ఆయన కూడా నన్ను పిలవడం లేదు కదా అని నేనూ పౌరుషంగా అటే ఉండిపోయాను. ఒక సుఖం ఏమిటంటే, అక్కడ కూర్చుని ఎంత ఏడ్చినా ఆయనకి కనపడదు. ఆ చేతిని నా ఒళ్ళో పెట్టుకుని కావలసినంత ఏడ్చేదాన్ని. ఆ చెయ్యి తనదని కూడా ఆయనకి తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దెక్కాక, జావ తాగించి మూతి తుడుస్తున్న తల్లిని అడిగాడు. మాట ముద్దముద్దగా వచ్చేది, అయినా తెలిసింది.

"అది ఎక్కడికి పోయిందమ్మా? కనపడటం లేదు."

నేను ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఉన్నాను. అత్తగారు ఆయన మీదుగా నా కళ్ళలోకి చూసింది. చూస్తూనే చెప్పింది.

"పుట్టింటికి పోయిందిరా నాయనా. నీకు చెయ్యలేనని పోయింది."

అబద్ధాలు ఆ ఇంట్లో అప్పటికి కొత్త కాదు. కానీ ఇది ఆయన కోసం చెప్పింది కాదు, నా కోసం చెప్పింది. ఆవిడ కొడుకుని నా నోరు చంపిందని కదా ఆవిడ నమ్మకం. ఆ బాకీ తీర్చుకుంది. నేను అప్పుడే గొంతెత్తి ఉండొచ్చు. ఎత్తలేదు. ఆయన ఏమంటాడో వినాలనిపించింది. అట్లాంటి బుద్ధి నాది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రలోకి జారాడేమో అనుకున్నాను.

"పోదు," అన్నాడు. "పోయేదైతే నన్ను నాలుగు తిట్టి మరీ పోతుంది. చెప్పకుండా పోయే రకం కాదది."

"పోయిందిరా, చెబుతున్నానుగా," అంది అత్తగారు.

ఆయన కుడి కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. నమ్మాడు. ఎంతైనా కన్నతల్లి, ఆయనకి కనపడే పక్కన కూర్చున్న మనిషి, నమ్మకేం చేస్తాడు?

చెయ్యి మంచం మీద పెట్టి లేచాను. కాళ్ళ వైపు నుంచి చుట్టు తిరిగి, అత్తగారిని స్టూలు మీద నుంచి పక్కకి నెట్టి, కుడి పక్క నిలబడ్డాను.

"ఎక్కడికి పోతాను? ఇందాకటి నుంచీ మీ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. మీకు కనపడి చస్తే కదా!"

ఆయన మొహంలో కదిలే సగం కదిలింది.

"తిట్టు," అన్నాడు.

తిట్టాను. మంచి నాడె పెట్టి నా మొహం చీరినందుకు తిట్టాను. నన్ను నెలల తరబడి పలకరించనందుకు తిట్టాను. పెళ్ళైన కొత్తలో నేసిన ఆకుపచ్చ చీర దగ్గర్నుంచీ ఎక్కడెక్కడ పేక వదిలాడో, ఎక్కడ కొంగు వంకర తిప్పాడో, గుర్తున్నవన్నీ ఎత్తి పొడిచాను. మగ్గం మీద ఉన్నదాన్ని చూపించి, దాని ఎడమ అంచు చూస్తే కుక్క కూడా పడుకోదన్నాను. నేను ఎక్కడన్నా ఆగితే, ఇంకా, అనేవాడు. అత్తగారు చెవులు మూసుకుని వీధి అరుగు మీదకి పోయింది. వీధిలోవాళ్ళు కిటికీ దగ్గర మూగి, చచ్చేవాణ్ణి పట్టుకుని ఇదేం రాక్షసివే అన్నారు. గొంతు పోయేదాకా తిట్టాను. ఆయన కన్ను నా మీద నుంచి తిప్పలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళి కుడి పక్కనే నిలబడి, చల్లబడిపోయిన కుడి చెయ్యి పట్టుకున్నాను. అక్కడ కూడా ఆయన నన్ను చూడలేదు.